అన్నయ్య పిక్క, అమ్మ భుజం

నేను మా అన్నయ్యను కాల్చాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత రెండు నెలల పాటు ఈ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను. సందు చివరి క్లినిక్కులో, కింది పోర్షన్ ఆంటీకి, ఫోనులో అమ్మకు, ఢిల్లీ ఆసుపత్రిలో డాక్టరమ్మకు, అందరికీ ఒకటే కథ. వడియాలు వేయిస్తుంటే మూకుడు జారింది. మూకుడు జారలేదు. నేను విసిరాను. అది కూడా అన్నయ్య వెనక్కి తిరిగి వంటగదిలోంచి వెళ్లిపోతున్నప్పుడు విసిరాను. ఎదురుగా ఉన్నప్పుడు విసిరే దమ్ము నాకు లేదు.

అది పరీక్ష రోజు. సివిల్స్ ప్రిలిమ్స్‌కి నాలుగోసారి కూర్చోవాల్సిన ఆదివారం. ఫరీదాబాద్‌లో మేమిద్దరం ఉండే మూడో అంతస్తు ఇంటి నుంచి పొద్దున్నే అన్నయ్య బైకు మీద మెట్రో స్టేషను దాకా దింపాడు. నీళ్ల సీసా కూడా వాడే కొనిచ్చాడు. నేను రైలెక్కాను కానీ సెంటరు ఉన్న స్టేషన్‌లో దిగలేదు. కాళ్లు లేవలేదు. చివరిదాకా పోయి, అదే రైల్లో తిరిగొచ్చి, ఒక పార్కులో కూర్చుని, పన్నెండు దాటాక ఇల్లు చేరాను. ఆకలేసింది. చారు పెట్టి వడియాలు వేయిస్తున్నాను. అన్నయ్య గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, ఆదివారం కూడా డ్యూటీ వేయించుకునే రకం, సాయంత్రం దాకా రాడనుకున్నాను. ఒంటిగంటకే వచ్చాడు.

"రెండో పేపరు రెండున్నరకు కదరా," అన్నాడు వంటగది గుమ్మంలో నిలబడి.

నేను వడియం తిప్పుతూ ఉన్నాను.

"నిన్నే అడుగుతుండా. పరీక్ష ఏమైంది?"

"వెళ్లలేదు."

మా ఇంట్లో కొట్టడం ఎప్పుడూ మాటల తర్వాత వచ్చేది కాదు, మాటల బదులు వచ్చేది. నాన్న ఉన్నన్నాళ్లూ నాన్న కొట్టాడు. ఆయన పోయాక ఆ పని నాకంటే ఎనిమిదేళ్లు పెద్దవాడైన అన్నయ్య తీసుకున్నాడు. పెళ్లయిన రెండో ఏడు వదిన ఒక సూట్‌కేసుతో వెళ్లిపోయింది, ఎందుకో మేం ఎవరినీ అడగలేదు, మాకు తెలుసు గనక. ఇక మిగిలింది నేను. ఆ రోజు మొదటి దెబ్బ చెంప మీద, రెండోది చెవి మీద పడ్డాయి. తర్వాత జుట్టు పట్టుకుని నా తలను గోడ అల్మారా తలుపుకేసి కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. రక్తం కంట్లోకి దిగింది.

"నాలుగేళ్లు సాకింది ఇందుకా," అని, చెయ్యి దులుపుకుని తిరిగాడు.

మూకుడు చెవులు రెండూ గుడ్డతో పట్టుకున్నట్టు గుర్తు. గుడ్డ ఎప్పుడు తీశానో గుర్తు లేదు. నూనె అన్నయ్య కుడికాలు వెనక, మోకాలి కింది నుంచి మడమ దాకా పడింది. అన్నయ్య వేసుకున్నది పాలియెస్టర్ ట్రాక్ ప్యాంటు. అది పిక్కకు అతుక్కుపోయింది. వాడు అరవలేదు. గోడ పట్టుకుని ఒక్కసారి కిందికి చూసుకుని, మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆ గదిలో నాకు వినిపించింది నూనె చప్పుడు. అది మూకుట్లోంచి రావడం లేదు.

కాలిన చోట చల్లటి నీళ్లు పోయాలని ఎనిమిదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. కుళాయి తిప్పాను. జూన్ నెల, మేడ మీద నల్లటి ట్యాంకు, మధ్యాహ్నం ఒంటిగంట. కుళాయిలోంచి వచ్చిన నీళ్లతో టీ పెట్టుకోవచ్చు. అన్నయ్య అప్పుడు అరిచాడు. ఫ్రిజ్‌లో సీసాలు రెండుంటే అవి పోసి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక టూత్‌పేస్టు ట్యూబు మొత్తం పిండి పూశాను. చల్లగా ఉంటుందని. డిగ్రీ చదివినవాణ్ని, దేశాన్ని పరిపాలిద్దామని నాలుగేళ్లు పుస్తకాలు నమిలినవాణ్ని, చేసిన వైద్యం అది.

సందు చివరి క్లినిక్కుకు భుజం మీద మోసుకెళ్లాను. అక్కడి డాక్టరు తలెత్తి నావైపు చూశాడు. నా కనుబొమ్మ మీద రక్తం ఇంకా ఆరలేదు. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య హిందీలో అన్నాడు, వేయిస్తుంటే మూకుడు జారింది, పట్టుకోబోయి తమ్ముడు కూడా జారిపడ్డాడు అని. గడగడా చెప్పాడు, ఎక్కడా తడుముకోలేదు. తమ్ముడి చేతిలో కాలిపోయానని చెప్పుకోవడం వాడికి నామోషీ అనుకున్నాను. నాకు సిగ్గు లేదు కాబట్టి హాయిగా అనిపించింది.

ఆ క్లినిక్కులో ఏదో ఆయింట్‌మెంటు రాసి కట్టుకట్టి పంపారు. ఎనిమిదో రోజు అన్నయ్య కట్టుతోనే డ్యూటీకి వెళ్లాడు. వెళ్లొద్దంటే చెప్పు విసిరాడు. రోజంతా నిలబడే ఉద్యోగం. పన్నెండో రోజుకు కాలు పిక్క దగ్గర నా తొడంత అయింది, ఇంట్లోకి అడుగుపెడితే వాసన. జ్వరంతో వణుకుతూ కూడా, "ఛోడ్ నా, అదే తగ్గిపోద్ది," అన్నాడు. ఆ రోజు మొదటిసారి నేను వాణ్ని కాలర్ పట్టుకుని ఆటోలోకి తోశాను.

ఢిల్లీలో కాలిన గాయాలకే వేరుగా వార్డు ఉన్న పెద్దాసుపత్రి. వెళ్లగానే డ్రెస్సింగు గదిలోకి తీసుకెళ్లారు. నర్సు దీదీ ఉప్పునీళ్లు పోసి గాజుగుడ్డతో రుద్దుతుంటే, చచ్చిన చర్మంతో పాటు ఎండిపోయిన టూత్‌పేస్టు, ట్రాక్ ప్యాంటు నీలం పోగులు ఊడివచ్చాయి. అన్నయ్య తువ్వాలు కొరికిపట్టి నా మణికట్టు పట్టుకున్నాడు. ఎముక విరుగుతుందనుకున్నాను. విరగనీ అని కూడా అనుకున్నాను. ఇది ఎవరు పూశారని నర్సు అడిగింది. నేనే అన్నాను. తలెత్తి ఒకసారి చూసి మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మకు నలభై దాటి ఉంటాయి. సన్నగా, కళ్లద్దాలు, గొంతు మాత్రం బస్ కండక్టరుది. కాలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"మూకుడు జారితే పాదం మీద పడాలి. ముందువైపు పడాలి. పిక్క వెనక ఎలా పడింది?"

"తిరిగి పరిగెత్తబోయాను," అన్నాడు అన్నయ్య.

ఆమె నా కనుబొమ్మ మీద పచ్చబడిన మచ్చను చూసింది. ఏదో రాసుకుంది. మళ్లీ అడగలేదు.

ఆ రోజే రక్తం తీశారు. చక్కెర మూడు వందలు దాటింది. అన్నయ్యకు ముప్పయ్యారేళ్లు, తనకు సుగర్ ఉందని తెలియదు. దాహం ఎక్కువైతే ఫరీదాబాద్ ఎండలనుకున్నాడు, చూపు మసకబారితే ఫ్యాక్టరీ పొగనుకున్నాడు. డాక్టరమ్మ వరసగా అడుగుతూ పోయింది. సిగరెట్టు? రోజుకొక పెట్టె. నిలబడి పనిచేశావా? చేశాను. ఎన్నిరోజులకు ఇక్కడికొచ్చావు? పన్నెండు. ప్రతి జవాబుకూ ఆమె మొహం ఇంకొంచెం బిగిసింది. నేను పక్కన నిలబడి, నా తప్పు కానివి ఎన్ని ఉన్నాయో మనసులో ఏరుకుంటున్నాను. సుగర్ నేనివ్వలేదు. సిగరెట్లు నేను తాగించలేదు. నూనె పోసినవాడి లెక్కలు ఇలాగే ఉంటాయి.

పుండు మీద ఒక పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, స్కెచ్ పెన్నుతో పుండు అంచు గీసింది. వారం వారం ఇలా గీస్తానని, కొత్త గీత పాత గీత లోపలికి రావాలని చెప్పింది. వారం వార్డులో ఉంచుకుని జ్వరం తగ్గాక ఇంటికి పంపించింది. రెండు పూటలా ఇన్సులిన్ వెయ్యాలి, కాలు ఎత్తుగా పెట్టుకోవాలి, సిగరెట్టు ముట్టకూడదు, రోజు మార్చి రోజు డ్రెస్సింగుకు రావాలి. వచ్చేముందు ఇంకొకటి అడిగింది.

"ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందా? నిద్ర పడుతోందా? మనసు బాగా లేకపోయినా పుండు మానదు."

అన్నయ్య, నేను ఒకరినొకరు చూసుకున్నాం. నవ్వొచ్చింది నాకు. "ఠీక్ హై మేడమ్," అన్నాడు వాడు.

అమ్మ మూడో వారంలో వచ్చింది. చీరాలలో జాకెట్లు కుట్టుకుంటూ తన బతుకు తను బతికే మనిషి. ఊరంతటికీ కిటికీల వీపులు, డోరీల జాకెట్లు కుట్టిపెట్టి, తను మాత్రం మెడ మూసుకుపోయి చేతులు మోచేతి దాకా ఉండే జాకెట్టు వేసుకుంటుంది, ఎందుకంటే ఆమె ఎడమ భుజం వెనక నుంచి మోచెయ్యి పైదాకా పాత కాలిన మచ్చ ఉంది. నేను పుట్టిన ఏడు గంజి వారుస్తుంటే గిన్నె జారిందట. చిన్నప్పుడు తలస్నానం చేసి కొబ్బరినూనె రాయమంటే రాసేవాణ్ని. వేలి కింద తాళ్లు తాళ్లుగా తగిలేది.

రైలు దిగి ఇంటికొచ్చి, బ్యాగు కూడా దించకుండా అన్నయ్య కట్టు విప్పించి చూసింది. చాలాసేపు చూసింది. ఎట్లా పడిందిరా అని అడుగుతుందనుకుని నేను సిద్ధంగా ఉన్నాను. అడగలేదు.

"పథ్యం చేయిస్తున్నావా?" అంది నాతో.

చేయించడం లేదు. ఆ మర్నాటి నుంచి మొదలైంది. పుండు ఉన్నవాడికి కందిపప్పు పెడితే చీము పడుతుంది. గుడ్డు వేడి. చేప దురద. మాంసం మాట ఎత్తకూడదు. వంకాయ, గోంగూర, పెరుగు, ఏదీ లేదు. నీళ్లు ఎక్కువ తాగితే పుండు చెమ్మబట్టి ఆరదు. మరి ఏం తినాలంటే, వేడన్నంలో నెయ్యి వేసి కారప్పొడి, బీరకాయ కూర, మిరియాల చారు. మూడు పూటలా అదే. మూడు పూటలా తెల్లటి అన్నం, సుగర్ ఉన్నవాడికి. నేను ఒకటి రెండుసార్లు నసిగాను.

"ఇన్సులిన్ వేస్తన్నారుగా," అంది అమ్మ. "సుగర్ సంగతి సూది చూసుకుంటది. పుండు సంగతి నేను చూసుకుంటా. నాకు మానలా?"

ఆమెకు మానింది. మచ్చ ఉంది సాక్ష్యం. పైగా నాకు ఒక సుఖం ఉంది అందులో. నేను కాల్చినదాన్ని అమ్మ మాన్పుతోంది, నేను ఆమె చెప్పినట్టు బీరకాయలు తరుగుతున్నాను, అంతా సర్దుకుంటుంది. కూరగాయల బండి దగ్గర పావుకిలో బీరకాయ కోసం ఒకావిడతో గొడవపడి, ఆవిడ చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. ఆ రోజుల్లో నేను ఎవరితోనైనా గొడవపడేవాణ్ని. ఆటోవాళ్లతో, మందుల షాపువాడితో, మెట్రోలో కాలు తొక్కినవాడితో. చేతులు ఊరికే బిగుసుకునేవి.

వారం తర్వాత గీసిన గీత పాత గీత మీదే పడింది. ఆ పై వారం ఒక పక్క బయటికి పోయింది. డాక్టరమ్మ రెండు కాగితాలూ వెలుతురుకు ఎత్తి పట్టుకుని నాకు చూపించింది. అడుగున బూజురంగు పొర కట్టింది, అక్కడక్కడ లోతు పెరిగి నరం కనిపించేలా ఉంది.

"చర్మం తీసి అతికించాలి. కానీ ఈ మట్టి మీద విత్తనం మొలవదు. ఇలా అతికిస్తే ఊడిపోతుంది. ఇన్ఫెక్షను ఎముకకు పోయిందంటే మోకాలి కింద తీసెయ్యాల్సి వస్తుంది. సుగర్ ఉన్నవాళ్లలో చూస్తూనే ఉంటాను."

ఆ మాట అన్నయ్య విన్నాడు. నాకు భయమేసింది. మామూలు భయం కాదు. వాడు కాలు లేకుండా ఇంకో నలభై ఏళ్లు నా కళ్ల ముందు బతుకుతాడు, రోజూ పొద్దున్నే నేను లేచి ఆ కాలు లేకపోవడాన్ని చూడాలి. అంతకంటే వాడు ఆ రోజు నన్ను చంపేసి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు పొద్దున బాల్కనీలోంచి సిగరెట్టు వాసన వచ్చింది. వెళ్లి చూస్తే అన్నయ్య స్టూలు మీద కూర్చుని, ఎత్తుగా పెట్టుకోవాల్సిన కాలు కిందికి వేలాడేసి, తాపీగా పొగ వదులుతున్నాడు. కట్టు కింది అంచు తడిసి ఉంది.

"పారెయ్," అన్నాను.

"లోపలికి పో."

సిగరెట్టు నోట్లోంచి లాగేశాను. వాడు చేతికర్రతో నా మోకాలి మీద కొట్టాడు. స్టూలును ఒక్క తన్ను తన్నాను. కిందపడ్డాడు. పడ్డవాడి మీద కూర్చుని కొట్టాను. జబ్బుమనిషిని, ఇన్సులిన్ మీద ఉన్నవాణ్ని, నేను కాల్చినవాణ్ని, పిడికిళ్లతో మొహం మీద కొట్టాను. వాడు నా గొంతు పట్టుకున్నాడు. ఎదుటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ అలాగే నిలబడిపోయింది. కాలు పోతుందిరా, కాలు తీసేస్తారురా అని నేను అరుస్తున్నాను, అరుస్తూనే కొడుతున్నాను. నాకు ఏడుపొస్తోందని వాడి చొక్కా తడిసేదాకా తెలియలేదు.

అమ్మ మధ్యలోకి దూరింది. ఇద్దరి జుట్లూ పట్టుకుని విడదీయబోయింది. ఎవరి చెయ్యి తగిలిందో, ఆమె జాకెట్టు భుజం కుట్టు పర్రున చిరిగింది. మచ్చ మొత్తం బయటపడింది. ఎండలో నేను దాన్ని అంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. మెడ కింది నుంచి వీపు మీదుగా భుజం వెనక్కి జారి, చేతి వెనక వైపు ఆగిపోయింది. ముందువైపు ఒక్క చుక్క లేదు. డాక్టరమ్మ అన్న మాట గుర్తొచ్చింది. జారితే ముందువైపు పడాలి. గంజి వార్చే మనిషి వీపు మీద ఎట్లా ఒంపుకుంటుంది? చిన్నప్పుడంతా ఆ మచ్చకు నూనె రాసినవాణ్ని, ఇరవై ఎనిమిదేళ్లలో ఈ ప్రశ్న ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

అమ్మ కొంగు కప్పుకుంది. "కొట్టుకోండి," అంది ఆయాసపడుతూ. "ఒక పుండు మానకముందే ఇంకోటి చేసుకోండి. నేను సూది దారం పట్టుకుని కూర్చుంటా."

ఆ మర్నాటి డ్రెస్సింగుకు అమ్మ కూడా వచ్చింది. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూస్తూ, ఒంట్లో మాంసకృత్తులు అడుగంటిపోయాయి, ఇతనేం తింటున్నాడని అడిగింది. అమ్మకు హిందీ రాదు. ఢిల్లీలో ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో మూడేళ్లు చదివిన హిందీ నాది, అందుకని ఇటు మాట అటు, అటు మాట ఇటు నేనే చేరవెయ్యాలి. అమ్మ పథ్యం వివరాలు ఒక్కటి వదలకుండా చెప్పింది, నేను ఒక్కటి వదలకుండా అప్పగించాను. పప్పు లేదు, గుడ్డు లేదు, చేప లేదు, పాలు లేవు, పెరుగు లేదు. నీళ్లు తక్కువ.

డాక్టరమ్మ పెన్ను బల్ల మీద విసిరింది. అది దొర్లి కింద పడింది.

"ఇంత పెద్ద పుండు పూడాలంటే ఒళ్లు కొత్త కండ కట్టుకోవాలి. దేంతో కట్టుకుంటుంది, బీరకాయతోనా? మామూలు మనిషికంటే రెండింతలు పప్పు, గుడ్లు, చేపలు తినాల్సినవాడు. మీరు ఇతన్ని రెండు వారాలుగా పస్తు పెట్టారు."

పస్తు పెట్టారు అన్నది తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. కొంచెం మెత్తగా చెప్పాను. అమ్మ అయినా అర్థం చేసుకుంది.

"ఆవిడకి చెప్పు. నేను పథ్యమే చేశా. నాకు మానలా?"

చెప్పాను. డాక్టరమ్మ అమ్మ వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "ఎన్నాళ్లకు మానింది, మాతాజీ?"

అమ్మ వేళ్లు మడిచి చూసుకుంది. "సంక్రాంతికి కాలితే మళ్లా సంక్రాంతి దాటింది."

"చూపించండి."

అమ్మ కొంగు మెడ చుట్టూ లాక్కుంది. తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ బలవంతపెట్టలేదు. ఏడాది పట్టిందంటే అది కూడా పథ్యం వల్లే అయి ఉంటుంది, ఈమెకు తిండి ఉండి ఉంటే రెండు నెలల్లో మానేదేమో, అని నాతో మెల్లగా అంది. అది అమ్మకు చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పాను.

ఆ సాయంత్రం అమ్మ వంటగదిలో ఆరు గుడ్లు ఉడకేసింది. ఒక్కొక్కటి పెంకు తీస్తూ, కళ్లు తుడుచుకుంటూ, "వాడికి చీము పడిందంటే ఆ డాక్టరమ్మను నేను ఊరికే వదలను," అని నామీద గొణిగింది. పళ్లెం అన్నయ్య ముందు పెట్టి, పక్కనే కూర్చుని, వాడు తింటున్నంతసేపూ కట్టు వైపే చూసింది. వాడు నాలుగు తిని చాలన్నాడు. "తిను," అంది. నోట్లోకి కుక్కినంత పని చేసింది. పొద్దున లేచి మొదట కట్టు వాసన చూసింది. తేడా లేదు. అప్పుడు కుక్కర్లో కందిపప్పు పెట్టింది.

మూడు వారాలు మా ఇంట్లో తిండి ఒక యుద్ధం. చేపల కోసం నేను పొద్దున్నే బజారుకెళ్లేవాణ్ని. అన్నం సగమైంది, పప్పు రెండింతలైంది. సిగరెట్టు పెట్టె అన్నయ్యే ఒకరోజు నా చేతికిచ్చి, "నా కంటికి కనబడనియ్యబాకు," అన్నాడు. ఆ రెండో రోజు నుంచి వాడి కోపం చూడాలి. గ్లాసులు, రిమోటు, మందుల డబ్బా, చేతికందినవన్నీ గోడకు తగిలాయి. నాకు మాత్రం ఏదీ తగల్లేదు. నాకు తగలకుండా విసురుతున్నాడని నాలుగైదు రోజులకు గమనించాను. ప్లాస్టిక్ కాగితం మీద గీత మొదటిసారి లోపలికి వచ్చింది. అడుగు ఎర్రగా, గరుకుగా తేలింది. ఇప్పుడు అతికించవచ్చు అంది డాక్టరమ్మ.

ఎడమ తొడ మీది నుంచి చర్మం పల్చగా తీసి, సాగేలా వలలాగా గాట్లు పెట్టి, కుడి పిక్క మీద అతికించారు. అయిదు రోజులు కట్టు విప్పకూడదు. అయిదో రోజు విప్పితే అంటుకుందా ఊడిందా తెలుస్తుంది. ఊడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ అయిదు రోజులూ నేను, అమ్మ వార్డు బయట వరండాలో బెంచీ మీద గడిపాం. అమ్మ నా కనుబొమ్మ మీది మచ్చను ఒకసారి బొటనవేలితో తడిమి, చెయ్యి తీసేసింది.

అయిదో రోజు పొద్దున నర్సు దీదీ కట్టు మీద ఉప్పునీళ్లు పోసి నానబెట్టి, పొర పొర విప్పింది. ఆఖరి గాజుగుడ్డ డాక్టరమ్మ తనే పటకారుతో పట్టి లేపింది. నేను వాడి కాలు చూడలేక వాడి మొహం చూశాను. వాడు పైకప్పు చూస్తున్నాడు.

"అంటుకుంది," అంది డాక్టరమ్మ.

అప్పుడు చూశాను. లేత గులాబీ రంగు, మీద వల గళ్లు. ఒక మూల చిన్న ముక్క తప్ప అంతా పట్టేసింది. మంచం ఇనప కమ్మీ పట్టుకున్నాను. అమ్మ ఏమంది ఏమంది అని నా చొక్కా లాగుతోంది. చెప్పాను. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

అన్నయ్య పైకప్పు మీంచి చూపు తియ్యకుండానే హిందీలో మాట్లాడాడు. "మేడమ్, మీ కాగితంలో జారిందని రాసి ఉంది. మూకుడు జారలేదు. మా తమ్ముడు విసిరాడు. దానికి ముందు నేను వాడి తల అల్మారాకేసి కొట్టాను. అలా రాసుకోండి."

డాక్టరమ్మ కేసు కాగితం తెరవలేదు. వాడి ముఖమే చూస్తూ నిలబడింది. నర్సు కట్టు చుట్టడం ఆపింది.

"ఏమంటన్నాడు?" అంది అమ్మ నేల మీద నుంచి.

"నేను విసిరానని చెప్తున్నాడు. నూనె." అమ్మతో ఆ మాట మొదటిసారి అలా అన్నాను, వాడి మాటను తెలుగు చేస్తూ. నా అంతట నేను చెప్పలేదు.

"తెలుసు," అంది అమ్మ. "పిక్క వెనక చూసినరోజే తెలుసు."

లేచి నిలబడింది. కొంగు భుజం మీంచి తీసింది. కుట్లు వేసిన పాత జాకెట్టు వెనక హుక్కులు రెండు విప్పి, డాక్టరమ్మకు వీపు తిప్పింది.

"ఇది చూడమను. ఇప్పటికీ ఎండాకాలం దురద. గోకితే రక్తం వస్తది. ఏమన్నా మందు ఉందేమో అడుగు."

డాక్టరమ్మ చేతి తొడుగు మార్చుకుని, ఆ తాళ్లను వేలితో ఒక్కొక్కటిగా నొక్కి చూసింది. మందు ఉందంది, సూదులున్నాయంది. తర్వాత ఏ రోగినైనా అడిగినట్టు అడిగింది. "కైసే జలా?"

ఎలా కాలిందని అమ్మకు తెలుగులో చెప్పాల్సిన పని కూడా నాకు లేదు. ఆ జవాబు నాకు పుట్టినప్పటి నుంచి కంఠతా వచ్చు. గంజి వారుస్తుంటే గిన్నె, అని హిందీలో మొదలుపెట్టేశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గంజి సంగతేనా చెప్తన్నావు? అది కాదు. ఉన్నది చెప్పు."

"ఏం చెప్పమంటావు?"

"మీ నాన్న పోశాడని చెప్పు. నువ్వు ఒళ్లో పాలు తాగుతుండావు. గిన్నె ఎత్తడం చూసి అటు తిరిగా." మంచం మీదున్న అన్నయ్య వైపు చూసింది. "వీడు గుమ్మంలో నిలబడి చూశాడు. ఎనిమిదేళ్లోడు. ఎవరడిగినా జారిందని చెప్పరా అని వీడికి నేనే నేర్పా. వారం రోజులు అప్పజెప్పిచ్చుకున్నా, తడబడకుండా చెప్పేదాకా."

అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. సందు చివరి క్లినిక్కులో గడగడా, ఎక్కడా తడుముకోకుండా చెప్పిన ఆ గొంతు నాకు మళ్లీ వినిపించింది.

డాక్టరమ్మ నా వైపు చూస్తూ ఎదురుచూస్తోంది. ఆ హిందీలో నేను పరీక్షలు రాశాను, ఆటోవాళ్లను తిట్టాను, రెండు నెలలు అబద్ధం ఆడాను. మా నాన్న, అని మొదలుపెట్టి ఆగాను. మళ్లీ మొదలుపెట్టాను. మూడోసారి, మా నాన్న మా అమ్మ మీద, దాకా వచ్చాను. మిగతాది అన్నయ్య చెప్పాడు.